ఫంగస్ మందులను కాపాడుకోవాలి
ఫంగస్ జబ్బులకు కొత్త మందులు రావడం ఆలస్యమవుతుంటే, ఉన్నవాటిని మనమే పాడుచేసుకుంటున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో 19 ప్రమాదకర ఫంగస్‌ల జాబితా ఇచ్చింది. ఒక్కదానికీ టీకా లేదు. ఫంగస్ కణం చాలావరకు మన కణంలాంటిదే కాబట్టి, దాన్ని చంపి మనిషిని వదిలేసే మందు దొరకడం కష్టం. తామరకు స్టెరాయిడ్ కలిసిన క్రీములు డాక్టర్ చీటీ లేకుండానే కొని పూసుకునేవాళ్లను చూస్తూనే ఉన్నాను: దురద తగ్గుతుంది, తామర మాత్రం పాకుతుంది. మనుషులకూ ఇచ్చే అజోల్ రకం ఫంగస్ మందులను పొలాల్లో చల్లడంతో, ఊపిరితిత్తులకు సోకే ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ ఇప్పటికే వాటికి మొండికేస్తోంది. ఇంకా విచిత్రం, ఒలోరోఫిమ్ అనే కొత్త మందు పరీక్షల్లో ఉండగానే, ఫంగస్‌లో అది దెబ్బతీసే ఎంజైమునే దెబ్బతీసే పంటల మందు అమ్మకానికి వచ్చేసింది! ఇలాంటి పంటల మందులకు ఆరోగ్య శాఖ అనుమతి కూడా తప్పనిసరి చేయాలి. కంపెనీలకు లాభం కనిపించని ఈ పరిశోధనకు ప్రభుత్వాలే డబ్బు పెట్టాలి.