వార్షిక నివేదిక 2024-25: ముంపు పటం, మురుగు మట్టాలు

సభ్యులందరికీ నమస్కారం.

ముంపు పటానికి ఉచితంగా దొరికే 30 మీటర్ల గడుల డేటా (నేలను 30 మీటర్ల చదరాలుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక ఎత్తు ఇచ్చేది) సరిపోతుందా, డబ్బు పెట్టి ఇంకా చిన్న గడుల డేటా కొనాలా అన్న ప్రశ్న పోయిన సమావేశంలో తేలలేదు. ఈ ఏడాది పనంతా దాదాపు దాని చుట్టూనే తిరిగింది. సంఘం అభిప్రాయం ముందే చెబుతున్నాం. మన గోదావరి డెల్టాలో గడి ఎంత చిన్నదన్నదాని కంటే మట్టం ఎంత సరైనదన్నదే ముఖ్యం. ఉన్న డబ్బు గట్ల మీద, తూముల దగ్గర లెవెలింగుకే, అంటే పరికరంతో మట్టాలు కొలవడానికే పెట్టాలి.

లెక్క చూడండి. ధవళేశ్వరం దిగువన నేల వాలు కిలోమీటరుకు 20 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు 30 మీటర్ల గడికీ పక్క గడికీ తేడా 6 మిల్లీమీటర్లే. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన ఎస్ఆర్‌టీఎం అనే ఎత్తుల డేటాలో ఎత్తులు పూర్తి మీటర్లలో ఉంటాయి. ఈ వాలులో ఒక మీటరు దిగాలంటే 5 కిలోమీటర్లు పోవాలి. అంతదాకా నేలంతా బల్లపరుపు, తర్వాత ఒక్కసారిగా మెట్టు. పైగా ఆ రాడార్ కొబ్బరి మట్టల కిందికి పూర్తిగా దిగదు. దాంతో కోనసీమలో తోటలన్నీ దిబ్బలుగా, చేలన్నీ గుంటలుగా కనిపిస్తాయి. మురుగు (చేల నుంచి దిగే మిగులు నీరు) తోటను చుట్టి పోతున్నట్టు కంప్యూటరు గీత గీస్తుంది. యూరప్ వాళ్ల కోపర్నికస్ 30 మీటర్ల ఉపగ్రహ డేటాలో దశాంశాలు ఉంటాయి, ఎగుడుదిగుడు కూడా తక్కువ. అందుకని దాన్నే ఆధార పటంగా తీసుకున్నాం. చెట్ల బెడద మాత్రం అందులోనూ ఉంది.

కొల్లేరు సంగతి అందరికీ తెలిసిందే. సరస్సు అభయారణ్యం హద్దు +5 కాంటూరా, +3 కాంటూరా (సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీతా, 3 అడుగుల గీతా) అన్న వాదమంతా రెండడుగుల ఎత్తు గురించి, అంటే 60 సెంటీమీటర్ల గురించి. ఉపగ్రహ డేటాలో పొరపాటే అంతకు మించి ఉండొచ్చు. అలాంటి డేటాతో ఎవరి చేను మునుగుతుందో చెప్పడం న్యాయం కాదు.

గట్టు దగ్గర ఏం జరుగుతుందో చూడండి. 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉన్న నిటారు గట్టు 30 మీటర్ల గడి మధ్యగా పోతే, గడిలో పదో వంతే ఆక్రమిస్తుంది. సగటు తీస్తే గడి మట్టం పెరిగేది 20 సెంటీమీటర్లు. నిజంగా నీటిని ఆపే గోడ పటంలో చిన్న ఉబ్బుగా మిగులుతుంది. మురుగు కాలువదీ అదే గతి. పైగా గుర్రపుడెక్క పేరుకున్నచోట ఉపగ్రహానికి కనిపించేది ఆకులే, కాలువ అడుగు కాదు. 30 మీటర్ల డేటాను కంప్యూటరులో 5 మీటర్లకు ముక్కలు చేసి అమ్మేవాళ్లున్నారు. గడులు 36 రెట్లు పెరుగుతాయి, కొత్త కొలత ఒక్కటీ రాదు. అలాంటిది కొనొద్దని సభ్యులకు గట్టిగా చెబుతున్నాం.

మెరకన కథ వేరు. ఎర్రకాలువ కొండల నుంచి దిగి యనమదుర్రు డ్రైనులో కలుస్తుంది. అక్కడ 90 మీటర్ల గడి వాడితే వాలు చదునైపోతుంది. వాన నీరు దిగువకు చేరే సమయాన్ని లెక్కగట్టే కిర్పిచ్ సూత్రం ప్రకారం వాలు సగమైతే నీరు చేరే సమయం సుమారు 30 శాతం పెరుగుతుంది. వరద ఆలస్యంగా, తక్కువ ఉద్ధృతితో వస్తుందని తప్పుగా తేలుతుంది. అంచేత పైన గడి చిన్నది కావాలి, కింద మట్టం సరైనది కావాలి.

లెవెలింగు ఇలా చేశాం. బెంచ్ మార్కు (మట్టం ముందే తెలిసిన గుర్తు) దగ్గర మొదలుపెట్టి మళ్లీ అక్కడికే వచ్చి ముగించాలి. తేడా 12 మిల్లీమీటర్లను కిలోమీటర్ల వర్గమూలంతో హెచ్చించినంతకు మించకూడదు. 4 కిలోమీటర్లకు 24 మిల్లీమీటర్లు. దాటితే మళ్లీ చేయాల్సిందే. డ్రైను అడ్డుకోత (ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అడ్డంగా తీసే మట్టాలు) 100 మీటర్లకొకటి. ప్రతి తూముకూ అడుగు మట్టం, వెడల్పు, పూడిక మందం విడివిడిగా రాయాలి. పూడికను అడుగుగా రాసేస్తే తవ్విన తర్వాత లెక్క పనికిరాదు.

నీరు ఎటు పోతుందో లెక్కగట్టే కంప్యూటరు మోడల్‌లో మూడు తప్పులు పదేపదే దొర్లాయి. మొదటిది, గుంటలు పూడ్చే ఆజ్ఞ. అది చేపల చెరువులనూ నిజమైన పల్లాలనూ కలిపి పూడ్చేసింది. ముందు తూములూ, అక్విడెక్టుల (డ్రైను మీదుగా పంట కాలువను దాటించే కట్టడాల) కింద మురుగు దారులూ పటంలో కోసి, ఆ తర్వాతే పూడ్చాలి. లేకపోతే పంట కాలువ గట్టు మురుగుకు ఆనకట్ట అయిపోతుంది. రెండోది, హెక్-రాస్ అనే వరద సాఫ్ట్‌వేరులో గట్టు గీతను బ్రేక్‌లైనుగా, అంటే గడుల అంచులు దాని వెంటే పడేలా ఇవ్వకపోవడం. గట్టు గడి లోపల పడితే నీరు దాన్ని దాటి అవతలికి కారిపోతుంది. మూడోది మట్టాల ప్రమాణం. ఇస్రో వెబ్‌సైటు భువన్‌లోని కార్టోడెమ్ అనే ఉపగ్రహ డేటాలో ఎత్తులు ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి దగ్గరగా ఉండే గణిత రూపం) నుంచి కొలిచినవి, మన తీరంలో అవి పదుల మీటర్ల మైనస్‌లో ఉంటాయి. సముద్ర మట్టానికి మార్చకుండా కలిపిన పటాలు రెండు పక్కన పెట్టాల్సి వచ్చింది.

మోడల్‌కు సముద్రపు కొసన ఒకే నీటి మట్టం ఇవ్వడమూ సరికాదు. అమావాస్య, పౌర్ణమి పోట్లకు మీటరు పైచిలుకు తేడా వస్తుంది. పోటు ఉన్నంతసేపు మురుగు దిగదు, వెనక్కి ఎక్కుతుంది. స్వర్ణ వరి వేసిన పల్లపు చేలలో నీరు ఎన్నాళ్లు నిలిచేదీ అదే తేలుస్తుంది.

మిగిలిన తూముల కొలతలు వేసవిలో కాలువలు కట్టేశాక, సార్వా నీరు వదలక ముందే పూర్తి చేయాలి. తమ బోదె చివరి తూము ఎక్కడుందో చూపించడానికి ఒక్కో ఊరి నుంచి ఒక్కరైనా ఉదయాన్నే రావాలని కోరుతున్నాం. ఎండ ముదిరితే స్టాఫ్ (లెవెలింగు కొలకర్ర) మీద అంకెలు వణుకుతాయి, పది గంటల తర్వాత దూరపు రీడింగులు తీసుకోం.