‘తరలించారు’ అన్న మాట వెనుక ఒక రాత్రి

సంపాదకులకు,

అయ్యా,

ఇంట్లో చిత్రహింసలు పడుతున్న పిల్లలను అధికారులు కాపాడారన్న వార్త పత్రికల్లో వచ్చినప్పుడల్లా దాని చివరి వాక్యం దాదాపు ఒకేలా ఉంటుంది: ‘చిన్నారులను సంరక్షణ కేంద్రానికి తరలించారు.’ నగరంలోని ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన నేను, ఆ ‘తరలించారు’ అన్న ఒక్క మాట పూర్తి కావడానికి ఎంతసేపు పడుతుందో దగ్గర కూర్చుని చూశాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందటి సంగతి. అక్క నాలుగో తరగతి, తమ్ముడు రెండో తరగతి. వారిని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలేవీ ఇక్కడ రాయను. అమ్మాయి పిక్కల మీద వైరుతో కొట్టిన వాతలు చూసి మా సహోపాధ్యాయిని పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేసింది. బడి వదిలే వేళకు మొదలైన వ్యవహారం రాత్రి పదకొండు దాటాక గానీ కొలిక్కి రాలేదు. అంతసేపూ పిల్లలిద్దరూ పోలీస్ స్టేషన్ ముందు గదిలో చెక్క బల్ల మీద కూర్చున్నారు. ఎవరూ వారిని కసురుకోలేదు. డ్యూటీలో ఉన్న మహిళా కానిస్టేబుల్ తన డబ్బుతో బండి మీది ఇడ్లీలు తెప్పించి, పచ్చడి కారంగా ఉందని పిల్లవాడు మొహం చిట్లిస్తే చక్కెర అద్ది తినిపించింది. అమ్మాయి మాత్రం ఇడ్లీ ముట్టుకోకుండా, ‘రేపు లెక్కల పరీక్షకు రాకపోతే సున్నా వేస్తారా టీచర్?’ అని నన్ను మూడుసార్లు అడిగింది.

ఆలస్యానికి కారణం ఎవరి నిర్లక్ష్యమూ కాదు. బడి ఒక జిల్లాలో ఉంది, పిల్లల ఇల్లు నాలాకు అవతల మరో జిల్లాలో ఉంది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగాక మనం హైదరాబాద్ అని పిలుచుకునే ఈ ఊరు ప్రధానంగా హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాల మధ్య పరుచుకుంది. ఒక్కో జిల్లాకు, ఇటువంటి పిల్లలు ఎక్కడ ఉండాలో నిర్ణయించే ఒక్కో బాలల సంక్షేమ సమితి, ఒక్కో బాలల పరిరక్షణ విభాగం. పిల్లలను ఎవరి ముందు హాజరుపరచాలన్న దాని మీద ఫోన్లు అటూ ఇటూ తిరుగుతుంటే పిల్లవాడు బడి సంచి మీద తల పెట్టుకుని నిద్రపోయాడు. తీరా నిర్ణయం అయ్యాక తెలిసిందేమిటంటే, అమ్మాయి ఒక చోటికి, అబ్బాయి ఇంకో చోటికి వెళ్లాలి. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకటే సంచి. దాన్ని ఎవరికివ్వాలో అక్కడున్న పెద్దవాళ్లెవరికీ కాసేపు తోచలేదు. చివరికి ఆ అమ్మాయే సంచి బల్ల మీద బోర్లించి, తమ్ముడి పుస్తకాలు, స్వెటరు వేరు చేసి ఒక ప్లాస్టిక్ కవర్లో సర్ది ఇచ్చింది. టిఫిన్ డబ్బా కూడా వాడికే ఇచ్చేసింది.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. బాలల న్యాయ చట్టం, 2015 ప్రకారం సంరక్షణ అవసరమైన బిడ్డను, ప్రయాణ సమయం మినహా, 24 గంటల లోపు సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. సమితి కూర్చోని వేళల్లో ఒక్క సభ్యుని ముందు హాజరుపరచి అయినా సరే, బిడ్డను బాలల గృహంలో గానీ, తగినవారని గుర్తించిన వ్యక్తి వద్ద గానీ ఉంచవచ్చు. బిడ్డ ఇంటి పరిస్థితులు విచారించి రాసే సామాజిక పరిశోధన నివేదికకు 15 రోజులు, తుది ఉత్తర్వుకు 4 నెలలు గడువు. పిల్లలను సంస్థల్లో ఉంచడం అన్ని దారులూ మూసుకుపోయాక తొక్కవలసిన దారి అని అదే చట్టం మూడో సెక్షన్ అంటుంది. లైంగిక దాడి కేసుల్లోనైతే, ఏ కారణం చేతనైనా సరే బిడ్డను రాత్రిపూట పోలీస్ స్టేషన్లో ఉంచరాదని 2012 నాటి పోక్సో చట్టం 24వ సెక్షన్ నిర్ద్వంద్వంగా చెబుతున్నది. గడువులన్నీ ఇంత జాగ్రత్తగా రాసిపెట్టి, ఆ గడువు లోపల బిడ్డ ఎక్కడ పడుకోవాలన్నది మాత్రం ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవారి ఓపికకు, వారి ఫోన్లో ఉన్న నంబర్లకు వదిలేశాం.

ప్రభుత్వ గృహాలు లేవని కాదు. పసిపిల్లలకు యూసుఫ్‌గూడలో శిశువిహార్ ఉంది. ఎదిగిన ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరుగా గృహాలున్నాయి. వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి ఇలా విడదీయడానికి కారణాలున్నాయి, నెలల తరబడి ఉండేవారి విషయంలో అవి సమంజసమే. అయితే నిన్నటి దాకా ఒకే చాప మీద పడుకున్న అక్కాతమ్ముళ్లను, ఇల్లు వదిలిన రాత్రే నగరానికి ఆ కొసకొకరినీ ఈ కొసకొకరినీ పంపడం వారికి శిక్షలాగే తోస్తుంది. తప్పు చేసిందెవరో వారికి తెలుసు, ఇల్లు వదిలి వెళ్లింది మాత్రం తామే. పైగా ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట పోలీసులు పనిలో ఉన్న పిల్లలను విడిపించినప్పుడు గృహాల మీద ఒత్తిడి పెరుగుతుంది. గాజుల కార్ఖానా నుంచి వచ్చిన పిల్లవాడు ఎప్పుడెప్పుడు ఇంటికి పంపుతారా అని ఎదురుచూస్తుంటాడు. ఇంటి నుంచి తప్పించిన పిల్ల మాత్రం గేటు చప్పుడైతే చాలు, ఎవరు తీసుకుపోవడానికి వచ్చారోనని గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఈ ఇద్దరికీ ఒకే గది, ఒకే దినచర్య సరిపోతాయని నేను అనుకోను.

నేను కోరేది కొత్త భవనం కాదు. శంకుస్థాపనలకు మన నగరంలో ఎన్నడూ కొదవ లేదు. నాలుగైదు బస్తీలకు ఒకటి చొప్పున, ముందుగానే పరిశీలించి, శిక్షణ ఇచ్చి, సంక్షేమ సమితి ఆమోదించి ఉంచిన కుటుంబాల జాబితా ఒకటి కావాలి. అర్ధరాత్రి ఫోన్ వచ్చినా తలుపు తీసి, అన్నం పెట్టి, తోబుట్టువులను ఒకే గదిలో పడుకోబెట్టి, తెల్లవారాక అదే బడికి పంపగలిగిన ఇళ్లు అవి. వారాల తరబడి కాదు, పిల్లలను ఎక్కడ ఉంచాలో సమితి తొలి నిర్ణయానికి వచ్చే దాకా ఉన్న ఆ కొద్ది రోజులే. ఇలా బిడ్డను కొంతకాలం వేరే కుటుంబంలో ఉంచి పెంచే ఫాస్టర్ కేర్‌కు బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్లోనే చోటుంది. పిల్లల రక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం 2022 నాటి మార్గదర్శకాలు అలా పెరిగే బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇవ్వవచ్చన్నాయి. పెళ్లి కానివారు, భర్త పోయినవారు కూడా ఫాస్టర్ కేర్‌కు ముందుకు రావచ్చని కేంద్రం 2024లో ఇచ్చిన ఫాస్టర్ కేర్ మార్గదర్శకాలు వీలు కల్పించాయి. పదవీ విరమణ చేసిన నర్సులు, అంగన్‌వాడీ టీచర్లు, మా వంటి పంతులమ్మలు ఈ ఊళ్లో ఎంతమంది లేరు? అడిగినవారుంటే కదా.

పరాయి ఇంట్లో పిల్లలకు రక్షణ ఏమిటని అడిగేవారి భయం సరైనదే. సాయం పేరుతో ఇంటి పనికి పిల్లను పెట్టుకునేవారు మన మధ్యే ఉన్నారు. అందుకే జాబితా ముందే సిద్ధం కావాలంటున్నాను. ఇల్లు, ఇంట్లో ఉండే ప్రతి మనిషి, పక్కింటివారి మాట, పోలీసు రికార్డు, ఇవన్నీ తీరిగ్గా చూడవలసినవి గానీ రాత్రి పదకొండు గంటలకు స్టేషన్ వరండాలో తేల్చేవి కావు. బిడ్డ ఉన్నన్ని రోజులూ చెప్పకుండా వెళ్లి చూసే మనిషి ఒకరుండాలి, ఆ బిడ్డతో విడిగా మాట్లాడే వీలుండాలి.

మరొక సంగతి మన చర్చల్లో అసలు వినిపించదు. కొట్టేది ఒకరైతే బిడ్డే ఎందుకు ఇల్లు వదలాలి? గృహహింస నుంచి రక్షణ కల్పించే 2005 నాటి చట్టంలోని 19వ సెక్షన్ కింద, హింసించే వ్యక్తినే ఇంటి నుంచి బయటికి పంపమని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. తల్లి పిల్లల పక్షాన నిలబడ్డ ఇళ్లలో మొదట తట్టవలసిన తలుపు అది. నేను చూసిన కేసులో ఆ తల్లి మరునాడు ఉదయమే బడికి వచ్చి, పిల్లల చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. అటువంటి ఉత్తర్వు ఒకటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకూ అప్పటికి తెలియదు, అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. పేదరికం, ఇరుకు గది, తల్లి రాత్రి షిఫ్టు వంటివి పిల్లలను తీసుకుపోవడానికి కారణాలు కావని కూడా ఇక్కడే చెప్పాలి. అటువంటి ఇంటికి కావలసింది చేయూత.

పత్రికలకూ ఒక మనవి. ఇటువంటి బిడ్డ ఆనవాలు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ముఖం మసకబరిచి, తండ్రి పేరు, వీధి పేరు, బడి పేరు అచ్చు వేస్తే ఆ మసకకు అర్థం లేదు. ఆ బిడ్డ మళ్లీ వెళ్లి కూర్చోవలసింది అదే తరగతిలో.

వచ్చే జూలైలో ఆపరేషన్ ముస్కాన్ మొదలయ్యే లోపు మూడు జిల్లాల సంక్షేమ సమితులూ కలిసి కూర్చుని, ఎవరి పరిధి అన్నది తెల్లవారాక తేల్చుకుందామని, రాత్రికి మాత్రం దగ్గరున్నవారే బాధ్యత తీసుకోవాలని ఒక ఒప్పందానికి రావడం అసాధ్యమేమీ కాదు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఈలోగా ‘తరలించారు’ అని రాసే ముందు, తోబుట్టువులిద్దరినీ ఒకే చోట ఉంచారా, రేపు బడికి పంపుతున్నారా అని మీ విలేకరులు అధికారులను అడిగి, వచ్చిన జవాబును ఆ వాక్యం పక్కనే వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ప్రభుత్వ ఉపాధ్యాయిని,
హైదరాబాద్