దూకే ముందు తాడు వెతకండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులొస్తే పేపర్ తెరవాలంటేనే భయం. చెరువులో ఒకడు మునుగుతుంటే కాపాడబోయి మరో ఇద్దరు పోయారన్న వార్త ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ పిల్లలది తెలివితక్కువతనం అనడానికి నాకు నోరు రాదు. స్నేహితుడు కళ్లెదుటే చేతులు కొట్టుకుంటుంటే ఒడ్డున ఎవరు నిలబడగలరు? కానీ మునిగేవాడు ప్రాణభయంతో దొరికిన మనిషిని వాటేసుకుంటాడు. ఈత బాగా వచ్చినవాళ్లకూ ఆ పట్టు విడిపించుకోవడం కష్టం.

2020 ఆగస్టులో తమిళనాడులోని పెరంబలూరు జిల్లా కొట్టరై డ్యామ్ దగ్గర నలుగురు యువకులు మునిగిపోతుంటే, ముగ్గురు మహిళలు ఒంటిమీది చీరలు విప్పి నీళ్లలోకి విసిరారు. ఇద్దరిని ఒడ్డుకు లాగగలిగారు. మిగతా ఇద్దరు దక్కలేదు.

చీర, లుంగీ, పొడవాటి కర్ర, మూత బిగించిన ఖాళీ క్యాన్, ఏది దొరికితే అది అందించాలి. ఒడ్డున బోర్లా పడుకుని లాగాలి, లేకపోతే మనమూ జారిపోతాం. ఒకరు వెంటనే 112కు ఫోన్ చేయాలి. మా అబ్బాయి ఇంటర్‌కొచ్చినా ఈ మాట ఏ క్లాసులోనూ వినలేదు. నేనూ చెప్పలేదు, అది నా తప్పే.

ప్రతి చెరువుగట్టు మీదా, క్వారీ గుంత దగ్గరా ఒక తాడు, గాలి నింపిన ట్యూబు ఉంచాలని పంచాయతీలను వేడుకుంటున్నాను. సెలవులిచ్చే ముందు బడుల్లో ఒక్క గంట ఇది చేసి చూపించండి.

– ఒక తండ్రి, ఖమ్మం