సూది గుచ్చుకున్న ఆయమ్మకు టీకా ఎవరు వేయించాలి?

సంపాదకుడు గారికి,

నెల్లూరు పొగతోటలో అడుగడుగునా ఆసుపత్రులు, ల్యాబులే. పక్కనున్న ప్రకాశం జిల్లా నుంచి కూడా రోగులు వస్తుంటారు. వాళ్ల రక్తం తీసేది, వాళ్లకు వాడిన సూదులు, దూది ఎత్తేది మాలాంటివాళ్లం. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా గోడు కాస్త మీ పత్రికలో వేస్తారని రాస్తున్నాను.

మా పనిలో ఎయిడ్స్ అంటే అందరికీ హడలే. లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్-బి అంటే అందులో సగం భయం కూడా లేదు. హెచ్ఐవీ రోగికి వాడిన సూది గుచ్చుకుంటే సోకేది వెయ్యిమందిలో ముగ్గురికి. అదే హెపటైటిస్-బి రోగి సూది అయితే, టీకా లేనివాళ్లలో రోగి ఒంట్లో వైరస్ తీవ్రతను బట్టి నూటికి 6 నుంచి 30 మందికి సోకవచ్చు. బల్ల మీద ఎండిపోయిన రక్తపు మరకలో కూడా ఆ వైరస్ 7 రోజులు బతుకుతుంది. పెద్దవాళ్లలో చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది, నిజమే. తగ్గనివాళ్లకు మాత్రం పైకి ఏమీ కనిపించదు. ఏళ్లు గడిచాక లివర్ చెడిపోయి, కడుపులో నీరు చేరాక బయటపడుతుంది. అది డ్యూటీలో అంటిన జబ్బేనని అప్పుడు ఎవరు ఒప్పుకుంటారు?

రక్తం తీశాక ఎడమచేత్తో క్యాప్ పట్టుకుని సూదిని అందులో దూర్చబోతాం. వెనక నుంచి ఎవరో తొందరపెడతారు. అంతే, సూది బొటనవేలిలో దిగుతుంది. అసలు క్యాప్ తిరిగి పెట్టనేకూడదు. అక్కడికక్కడే కట్టర్‌లో తుంచి, సూది బయటికి పొడుచుకు రాని తెల్ల డబ్బాలో వేయాలి. కట్టర్ చెడిపోయి మూలన పడి ఉంటే, ఆ డబ్బా తనిఖీ రోజున మాత్రమే బయటికి తీస్తుంటే, సూది వెళ్లి దూదితో పాటు సంచిలో పడుతుంది. ఆ సంచి ఎత్తేది ఆయమ్మ. బరువుకు దాన్ని కాలికి ఆనించుకుని మెట్లు దిగుతుంది. సూది సంచిని చీల్చుకుని పిక్కలో గుచ్చుకుంటుంది. అది ఏ రోగికి వాడిందో చెప్పేవాళ్లు ఉండరు.

నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట ఇలాగే జరిగింది. ‘స్పిరిట్ రాసుకోమ్మా, ఏం కాదులే’ అన్నారు. మర్నాడు టీకా సంగతి అడిగితే ‘నువ్వు మా స్టాఫ్ కాదు, కాంట్రాక్టర్‌ని అడుగు’ అన్నారు. కాంట్రాక్టర్ ఆసుపత్రి వాళ్లనే అడగమన్నాడు. ఇంకా అడిగితే పనిలోంచి తీసేస్తారన్న టెన్షన్‌తో ఆమె నోరు మూసుకుంది. నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఎందుకంటే చట్టంలో ఈ సాకుకు చోటే లేదు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం వైద్య సిబ్బందితో పాటు ఆ చెత్తను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాల్సింది ఆసుపత్రే. పనిలో చేరినప్పుడు, ఆ తర్వాత ఏడాదికోసారి ఆరోగ్య పరీక్షలు కూడా చేయించాలి. సూదిపోట్లను ఏటా కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చే నివేదికలో చూపాలి. చిట్టీ మీద కూడా రాయని సూదిపోటు నివేదికలోకి ఎలా ఎక్కుతుంది?

టీకా దొరకని వస్తువేం కాదు. మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకాను 1997లో తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ వ్యవస్థాపకులు వరప్రసాద రెడ్డి గారు మన నెల్లూరు జిల్లా బిడ్డే. విదేశీ టీకాకు వందలు పోయాల్సిన రోజుల్లో ఆయన దాన్ని సామాన్యుడికి అందే ధరకు తెచ్చారు. అలాంటి జిల్లాలో ఆసుపత్రి ఊడ్చే మనిషికి మూడు డోసులు అందకపోవడం సిగ్గుచేటు.

సూది గుచ్చుకుంటే పిండకూడదు, సబ్బుతో కుళాయి నీళ్ల కింద కడగాలి. హెపటైటిస్-బి టీకా లేనివాళ్లకు టీకాతో పాటు, వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ వీలైతే 24 గంటల్లోపు పడాలి. దాని ఖరీదు వేలల్లో ఉంటుంది, ఆయమ్మ జీతంతో అయ్యే పని కాదు. హెచ్ఐవీ సోకకుండా వాడే మందులు మొదలుపెట్టడానికి 72 గంటలే గడువు. సూదిపోటుతోనే సోకే మరో లివర్ జబ్బు హెపటైటిస్-సికి టీకా లేదు గానీ మాత్రలతో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఆ మందులు ఉచితం. ఇవన్నీ ఉన్నా, రాత్రి పదకొండింటికి సూది గుచ్చుకున్న నర్సమ్మ ఎవరికి ఫోన్ చేయాలి? నెల్లూరు, ఒంగోలు సర్వజన ఆసుపత్రుల క్యాజువాలిటీల్లో ప్రైవేటు సిబ్బందికి కూడా ఆ రాత్రే మందు పడేలా చూసి, ఆ నంబరు ప్రతి వార్డులో గోడ మీద రాయించాలి.

జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారులకు ఇంకో విన్నపం. ప్రైవేటు ఆసుపత్రులకు, ల్యాబులకు రిజిస్ట్రేషన్ ఇచ్చేది మీ కార్యాలయమే. రెన్యువల్‌కు వచ్చినప్పుడు ఫైర్ సర్టిఫికెట్‌తో పాటు కాంట్రాక్టు సిబ్బంది టీకా కార్డులు కూడా అడగండి. ఏటా జూలై 28న హెపటైటిస్ దినం జరుపుతాం కదా, ఈసారి ఆ రోజే ఆయమ్మలకు, స్వీపర్లకు మొదటి డోసు వేయించండి. నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది ఎవరు వేయిస్తారో కూడా ఆ రోజే కాగితం మీద రాసివ్వండి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
నెల్లూరు