చెట్టులా నిలబడితే నవ్వులాటా?

అయ్యా,

పోయిన వారం మీ జిల్లా పేజీలో మా కాలనీ పార్కు ఫొటో వేసి, కింద 'చైనా డాన్సుతో పెద్దల కాలక్షేపం' అని రాశారు. అందులో ఎడమ పక్కన చేతులు చాచి నిలబడింది నేనే. నాకు డాన్సు రాదు.

మేం చేసేది తాయ్‌చీ, చైనా యుద్ధవిద్య. 2020లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. చైనాలో 1956లో మామూలు జనం కోసం కుదించిన 24 భంగిమల వరుసే మేమూ చేస్తాం. అది నాకు మూడు నెలల్లో వచ్చేసింది. నిలబడడమే రాలేదు. మీరు ఫొటో తీసింది ఆ నిలబడడాన్నే. 'ఝాన్ ఝువాంగ్' అంటారు, గుంజలా నిలబడడమని అర్థం. మోకాళ్లు కాస్త సడలించి, చెట్టును కావిలించుకున్నట్టు చేతులు పెట్టి కదలకుండా ఉండాలి. మీ విలేకరిని ఒకసారి చేసి చూడమనండి. మూడో నిమిషానికి తొడలు వణుకుతాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి. నా భుజాలు వాటంతటవి దిగడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు ఇరవై నిమిషాలు నిలబడతాను. కరెంటు బిల్లు, పిల్లాడు ఫోన్ చేయలేదన్న టెన్షన్ అన్నీ వస్తాయి, కాసేపు తిరిగి పోతాయి. బాత్రూంలో జారిపడ్డాక పట్టుకున్న భయం కూడా, బరువు ఏ కాలి మీదుందో తెలిశాకే తగ్గింది.

అసలు వార్త మీ ఫొటోగ్రాఫర్ కాళ్ల కిందే ఉంది. పలకలు లేచిపోయి ఏడాది దాటింది. పడకుండా ఉండే విద్యను, పడేసే నేల మీద నేర్చుకుంటున్నాం. పక్కనే మురుగు కాలువ. నెల్లూరు దోమల సంగతి మీకు వేరే చెప్పాలా? నడిచేవాణ్ణయినా వదులుతాయేమో గానీ నిలబడ్డవాణ్ణి వదలవు. మందు పొగ కొట్టించమని అర్జీ ఇస్తే, తీసుకున్నాయన "కాస్త కదులుతా చేయండి సార్" అని సలహా ఇచ్చాడు!

జూన్ 21, యోగా దినం వస్తే మాత్రం తివాచీలు, మైకులు, బ్యానరు నిండా నాయకుల మొహాలు. 22న మళ్లీ అవే పలకలు. మా చిన్నప్పుడు ఇవేవీ అక్కర్లేదు, పొద్దున్నే పెన్న ఇసుకలో నిలబడితే చాలు. ఆ ఇసుక ఎటు పోయిందని అడిగితే ఇంకో ఉత్తరమవుతుంది.

ఈసారి మనిషిని పంపితే ఉదయం ఐదున్నరకు పంపండి. ఫొటోలో నేల కూడా పడేట్టు తీయమనండి.

— ఒక విశ్రాంత లెక్కల మాస్టారు, నెల్లూరు