మూల దొరకని విండో

సన్నీవేల్, కాలిఫోర్నియా
ఆదివారం రాత్రి

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

పోయిన వారం వీడియో కాల్‌లో మీరు అన్న మాట నన్ను ఇంకా వదలడం లేదు. ఎడమవైపు రాతప్రతి, కుడివైపు ప్రూఫు పెట్టుకుని చదువుదామని ప్రూఫు విండో మూల పట్టుకుని లాగబోయారు. బాణం గుర్తు రెండు మొనల బాణమైంది, మీరు నొక్కేలోగా మళ్లీ మామూలు బాణమైపోయింది. నొక్కితే వెనకున్న రాతప్రతి ముందుకు వచ్చింది. నేను లెక్కపెడుతూనే ఉన్నాను, ఏడుసార్లు. ఆఖరికి మౌసు వదిలేసి, "నా చేతులు ఇక పనికిరావమ్మా" అన్నారు.

తప్పు మీ చేతులది కాదు నాన్నగారూ. నాలుగేళ్లుగా నేను చేస్తున్న పని ఈ విండోల చట్రాలు గీయడమే కనుక గట్టిగా చెప్పగలను.

తెర మీద విండో అంచు ఒక్క చుక్క (పిక్సెల్) మందాన సన్నని గీతలా ఉంటుంది. ఒక్క చుక్కను ఎవరూ పట్టుకోలేరు. అందుకని దాని చుట్టూ కొన్ని చుక్కల మేర, మౌసుతో పట్టుకునేందుకు, కంటికి కనపడని చోటు ఉంచుతాం. దాన్నే పట్టు అంటున్నాను. మూల దగ్గర ఆ పట్టు చిన్న చదరం. మూలలు పలకల్లా ఉన్నంత కాలం కంటికి కనిపించే మూల, చేతికి దొరికే మూల ఒకటే. ఇప్పుడు అందం కోసం మూలల్ని గుండ్రంగా చెక్కుతున్నారు. 24 చుక్కల వ్యాసార్ధంతో గుండ్రం చేస్తే, పాత మూల కొసకూ కొత్త వంపుకూ మధ్య ఐమూలగా దాదాపు 10 చుక్కల ఖాళీ వస్తుంది. మీరు ప్రూఫు చూసే ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లు చట్రాన్ని సొంతంగా గీసుకున్నారు. మూలను చెక్కారు, పట్టును మాత్రం పాత కొస దగ్గరే వదిలేశారు. నేను దాన్ని ఇక్కడ పెట్టుకుని, బాణాన్ని ఒక్కొక్క చుక్కే జరుపుతూ చూశాను. పట్టులో ఎక్కువ భాగం విండో బయటే ఉంది. మీరు సరిగ్గా మూల మీదే పెట్టారు. పట్టే అక్కడ లేదు.

చేరవలసిన చోటు ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే, చెయ్యి చేరడానికి అంత సమయం పడుతుందని పాల్ ఫిట్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే కొలిచి చెప్పాడు. వేలు కాస్త వణికే మనిషికి ఆ చోటును ఇంకా చిన్నది చేసి, పైగా దాచిపెట్టడం అన్యాయం. మా మీటింగుల్లో ఎన్నిసార్లయినా ఈ మాటే అంటాను.

నిన్న మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియానికి మళ్లీ వెళ్లాను, 1973 నాటి జిరాక్స్ ఆల్టో అనే కంప్యూటర్‌ను చూడటానికి. ఒక విండో మీద ఒకటి పరిచే పద్ధతి దాని మీదే రూపు దిద్దుకుంది. 1984లో వచ్చిన ఆపిల్ కంప్యూటర్ మెకింటాష్‌లో విండో సైజు మార్చాలంటే కింద కుడి మూలలో ఉన్న చిన్న గడిని పట్టుకుని లాగాలి. అన్ని అంచుల నుంచీ లాగే వీలు 2011లో గాని రాలేదు. అది ఇబ్బందే, కాదనను. కానీ ఆ గడి కనిపించేది. విండోస్ 95 కాలంలోనూ మూలలో ఏటవాలు గీతలు గరుకుగా, ఇక్కడ పట్టుకో అన్నట్టు ఉండేవి. వాటిని తీసేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అక్కడ నిలబడితే, అచ్చు అక్షరాలు పంక్తిగా పేర్చుకునే మీ కంపోజింగ్ స్టిక్కు గుర్తొచ్చింది. తెనాలి ప్రెస్సులో దాని బిగింపు వదులు చేసి, కాలమ్ వెడల్పుకు జరిపి, మళ్లీ బిగించేవారు. ఆ బిగింపు ఎక్కడుందో చూడకుండానే మీ బొటనవేలికి తెలిసేది. ఒకసారి వెడల్పు తగ్గించమన్నారని, పేర్చిన నాలుగు పేజీలూ విప్పి తెల్లవార్లూ మళ్లీ పేర్చారు. నేను అక్షరాల కేసుల పక్కనే నిద్రపోయాను.

ఇప్పుడు మూల లాగుతున్నంత సేపూ ఆ పేర్పు పని కంప్యూటర్‌ది. సెకనుకు 60 సార్లు తెర మారాలంటే ఒక్కోసారికి దక్కేది 16 మిల్లీసెకన్ల పైచిలుకు. మన "స్త్రీ" అన్న ఒక్క అక్షరమే లోపల ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని కూర్చి, వెడల్పు కొలిచాకే పంక్తి ఎక్కడ విరగాలో తేలుతుంది. ఎత్తుతో ఇంకో చిక్కు. ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి చేసిన బటన్లలో మన వత్తులు తెగిపోతాయి. పోయిన నెల మా సాఫ్ట్‌వేర్‌లోనే "ముద్రించు" అన్న బటన్‌లో క్రావడి అడుగు తెగి "ముదించు" అన్నట్టు కనిపించింది. మీ కూతురిని, ఊరుకుంటానా? అక్షరాన్ని బట్టి బటన్ ఎత్తు పెరిగేలా మార్పించాను.

ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లు పట్టును సరిచేసేదాకా మీ పనికి మౌసు అక్కర్లేదు. ప్రూఫు విండో మీద ఒకసారి నొక్కి, కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీట పట్టుకుని కుడి బాణం మీట నొక్కండి, అది కుడి సగంలో కూర్చుంటుంది. రాతప్రతికి ఎడమ బాణం. ఆ సాఫ్ట్‌వేర్ కూడా ఈ మీటలకు లొంగుతోంది, చూశాను. వాళ్లకు కొలతలన్నీ రాసి పంపాను, బొమ్మలతో సహా.

అటక మీద ఉన్న ఆ స్టిక్కు పాత ఇనుములో వేయకండి. మార్చిలో అక్క వచ్చేటప్పుడు గుడ్డలో చుట్టి ఇచ్చి పంపండి. నా బల్ల మీద పెట్టుకుంటాను.

మీ చిన్నమ్మాయి