2024–25 వార్షిక నివేదిక: ఇంటి హక్కు, ఇంటి తీరు, కుటుంబ రాబడి

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారములు.

2025 మార్చి 31తో ముగిసిన సంవత్సరంలో ఒడిశాలోని తెలుగువారి కోసం మన సంఘం చేసిన పనులను ఈ నివేదిక ద్వారా మీ ముందుంచుతున్నాము. ఉగాది పంచాంగ శ్రవణం, పిల్లల ఆదివారపు తెలుగు బడి, పరీక్ష రుసుముల సాయం, వైద్య సాయం ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు విడిగా జతపరచిన పత్రంలో ఉన్నందున ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువ కాలం వెచ్చించినది ఒకే ప్రశ్న మీద. సాయం కోరి మన దగ్గరకు వచ్చే కుటుంబాలలో ఎవరి ఇబ్బంది ఎంతటిదో తెలుసుకోవడానికి, వారి ఇంటి సంగతిని మనం ఇన్నాళ్లూ సరిగ్గా అడుగుతూ వచ్చామా అన్నదే ఆ ప్రశ్న.

మన పాత దరఖాస్తులో "సొంత ఇల్లు ఉన్నదా?" అని ఒకే ఒక గడి ఉండేది. ఉన్నదని రాసినవారి కాగితం దొంతరలో అడుక్కి వెళ్లేది, అద్దె అని రాసినవారిది పైకి వచ్చేది. కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దావిడ లేచి, "ఇల్లు నా పేరనే ఉన్నది నాయనా, పొయ్యి మీదకే ఏమీ లేదు" అని చెప్పినప్పుడు సభలో ఎవరికీ నోట మాట రాలేదు. ఆమె దరఖాస్తు రెండేళ్లపాటు ఆ ఒక్క గడి కారణంగానే వెనక్కు పోయిందని తరువాత తేలింది. ఆ తప్పు మనది.

అందుచేత ఈ ఏడాది మన స్వచ్ఛంద సభ్యులు ఇద్దరిద్దరుగా బరంపురంలోని పాత నేత వీధులకు, బస్తీలకు, అద్దె వాటాలకు ఆదివారం మధ్యాహ్నాలు వెళ్లి కుటుంబాలతో మాట్లాడారు. పర్లాకిమిడి, గునుపురం, రాయగడ, జయపురం సభ్యులు తమ ఊళ్ల సంగతులు రాసి పంపారు. ఇల్లు ఎవరిది, దానికి కాగితం ఏమిటి, కప్పు దేనితో వేసినది, ఎన్ని గదులలో ఎంతమంది పడుకుంటారు, అద్దె ఎంత, కరెంటుకు ఎవరికి కడుతున్నారు, ఆ ఇంట్లో కూర్చుని చేసే పని ఏదైనా ఉన్నదా అని అడిగాము. రాబడి చెప్పిన కుటుంబాలకు ఆ అంకెలను బయట పెట్టబోమని మాట ఇచ్చాము గనుక మన వీధుల లెక్కలు ఈ నివేదికలో ఉండవు. ఇక్కడ ఇచ్చిన అంకెలన్నీ ప్రభుత్వం ప్రకటించినవే.

సొంత ఇల్లు కలిమికి గుర్తు అన్న నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో ముందుగా ఆ అంకెలలోనే చూడవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని కుటుంబాలలో 86.6 శాతం సొంత ఇళ్లలోను, 11.1 శాతం అద్దె ఇళ్లలోను ఉన్నాయి. పల్లెలలో సొంత ఇళ్ల వారు 94.7 శాతం కాగా పట్టణాలలో 69.2 శాతమే. సొంత ఇల్లే కలిమికి కొలత అయితే పల్లెలు పట్టణాలకన్నా కలిగినవి కావాలి. కానీ 2022–23 గృహ వినియోగ వ్యయ సర్వేలో మన ఒడిశాలో తలసరి నెల ఖర్చు పల్లెలలో సుమారు 2,950 రూపాయలు, పట్టణాలలో 5,187 రూపాయలు. 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే మరో కోణం చూపిస్తుంది. అందులో దేశం మొత్తం మీద పక్కా ఇళ్లలో ఉన్న కుటుంబాలు పట్టణాలలో 96 శాతం, పల్లెలలో 76.7 శాతం. అంటే హక్కు పల్లెలో ఎక్కువ, గట్టి కట్టడం పట్టణంలో ఎక్కువ. ఈ రెండింటినీ ఒకే గడిలో కలిపి అడగడం వల్లనే మనం పొరపాటు పడ్డాము.

అద్దె విషయంలో లెక్క ఇంకొంత చిక్కుగా ఉంటుంది. అదే వినియోగ వ్యయ సర్వేలో పట్టణ కుటుంబాల ఖర్చులో అద్దె వాటా ఆరున్నర శాతం చిల్లర అని ఉన్నది. ఇది చూసి అద్దె భారం స్వల్పమే అనుకోకూడదు, ఎందుకంటే అద్దె అసలే కట్టని సొంత ఇళ్ల వారిని కూడా కలిపి తీసిన సగటు అది. కట్టేవారిని విడదీసి చూస్తే వారి మీద పడే వాటా దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా మన దేశంలో పేదరికపు గీతను కుటుంబం పెట్టే ఖర్చును బట్టి గీశారు. పేదరికాన్ని లెక్కించిన టెండూల్కర్ నిపుణుల సంఘం పద్ధతిలో 2011–12కు పట్టణాలలో ఆ గీత తలకు నెలకు 1,000 రూపాయలు. అయిదుగురున్న కుటుంబానికి అది 5,000 అవుతుంది. ఒక కుటుంబం 5,400 ఖర్చు పెడుతూ అందులో 1,500 అద్దెకు ఇస్తున్నదనుకుందాం. వారు గీతకు పైన ఉన్నట్లే, కానీ బియ్యానికి, మందులకు, బడికి వారికి మిగిలేది 3,900. సొంత ఇంట్లో ఉండి 4,900 ఖర్చు పెట్టే కుటుంబం గీతకు దిగువన ఉన్నట్లు, అయినా ఆ సొమ్ములో అద్దెకు పోయేది ఏమీ లేదు. మన సాయానికి సంబంధించినంతవరకు అద్దె తీసివేసిన తరువాత చేతిలో మిగిలేదే రాబడి అని కార్యవర్గం ఈ ఏడాది తీర్మానించింది.

అద్దెతోపాటు కరెంటు కూడా చూడవలసి వచ్చింది. ఒడిశాలో ఇంటి కరెంటు ధర వాడకం పెరిగేకొద్దీ మెట్టుమెట్టుగా పెరుగుతుంది. ఒకే మీటరు మీద మూడు నాలుగు వాటాలు ఉన్నప్పుడు అందరి యూనిట్లూ కలిసి పై మెట్టుకు చేరతాయి. విడి మీటరు ఉంటే తక్కువ ధరకు వచ్చే రెండు దీపాలు, ఒక పంకా వాడకానికి, ఒంటి గదిలో ఉన్న కుటుంబం మేడ మీది వారితో సమానమైన ధర చెల్లిస్తున్నది.

ఇక ఈ ఏడాది పనిలో మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసినది ఇల్లే పనిచోటు కావడం. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉన్నది, ఆ చీర నేసిన చేతులలో మన దేవాంగుల చేతులు ఎన్నో ఉన్నాయి. గుంట మగ్గానికి నేల తవ్వాలి, పడుగు చాపడానికి పొడవైన జాగా కావాలి, వానకు నూలు తడవని కప్పు ఉండాలి. సొంత ఇల్లు ఎంత పాతదైనా ముందు గదిలో మగ్గం ఉంటే ఇంటాయన నేస్తాడు, ఇల్లాలు కండెలు చుడుతుంది, వయసు మళ్లిన తల్లి తెగిన పోగులు అతుకుతుంది. ముగ్గురి శ్రమా ఆ ఒక్క చీరలో కలిసి ఇంటికే వస్తుంది. అద్దె ఇంట్లో నేల తవ్వనిచ్చే యజమాని దొరకడం చాలా కష్టం. అప్పుడు అతను మగ్గాల ఆసామి షెడ్డుకు పోయి కూలికి నేస్తాడు, మిగిలిన ఇద్దరి చేతులకు పని ఉండదు. చేతి పని అదే అయినా, నేర్పు అదే అయినా, మగ్గం ఎవరి నేలలో ఉన్నదన్న దాన్నిబట్టి ఆ ఇంటి రాబడి మారిపోతున్నది.

అప్పడాలు, వడియాలు చేసే ఆడవారి విషయమూ ఇటువంటిదే. బరంపురం అప్పడానికి, పచ్చడికి ఉన్న పేరు అందరికీ తెలిసినదే. వీటికి ఎండ తగిలే డాబా కావాలి. డాబా ఉన్న ఇంటి ఇల్లాలు వంట అయ్యాక పిండి కలిపి, సాయంత్రానికి ఎండిన సరుకు ఎత్తి కొంత రాబడి చూస్తుంది. మేడ మీదకు వెళ్లనివ్వని అద్దె వాటాలో, లేదా సందులోకి ఎండే రాని బస్తీ గదిలో ఉన్న ఆమెకు ఆ దారి మూసుకుపోతుంది. ఇంటి తీరును మనం ఇన్నాళ్లూ సుఖానికి సంబంధించిన విషయంగానే చూశాము. రాబడికి అది మూలధనం కూడా అని ఇప్పుడు తెలిసింది.

పాత వీధులలోని ఉమ్మడి ఇళ్లది వేరే కష్టం. గోడకు గోడ ఆనించి కట్టిన ఇరుకైన పొడవాటి ఇల్లు, వీధి వైపు ఒక అరుగు, వెనుక పెరడు, మధ్యలో అన్నదమ్ముల పిల్లలు పంచుకున్న గదులు. అడిగితే అందరూ సొంత ఇల్లనే చెబుతారు, అది అబద్ధమూ కాదు. కానీ హక్కుల పత్రం ఇంకా తాతగారి పేరనో, ముత్తాతగారి పేరనో ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉండేది గనుక కొన్ని కుటుంబాల పెట్టెలలో తెలుగులో రాసిన దస్తావేజులు ఉన్నాయి. నేటి తహసీలు కార్యాలయాలలో పని ఒడియాలో సాగుతుంది. పేరు మార్పు జరగని ఇంటిని కుదువ పెట్టి బ్యాంకు అప్పు తీసుకోలేరు. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో పట్టణ పేదలు సొంతంగా కట్టుకునే ఇంటికి కేంద్రం ఇచ్చే లక్షన్నర రూపాయలు కూడా, స్థలం తమదని చూపే కాగితం లేనిదే రావు. ఆ పథకం ఏడాదికి మూడు లక్షల లోపు రాబడి ఉన్నవారిని ఆర్థికంగా బలహీన వర్గంగా లెక్కిస్తుంది. మన వీధులలో రాబడి అర్హత ఉండి కాగితం అర్హత లేక ఆగిపోయిన వారిని మేము కళ్లారా చూశాము. ఒక వితంతువు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛనుతోను, ముందు గది అద్దెతోను బతుకుతున్నది, ఆ గదిలో ఉన్న కుటుంబం రాబడి ఆమెకన్నా మెరుగు. ఒకే కప్పు కింద ఇంటావిడ పేద, అద్దెకున్నవారు పేదలు కారు. మన పాత దరఖాస్తు ప్రకారమైతే సాయం తిరగబడి వెళ్లేది.

బస్తీలలో ప్రభుత్వ స్థలం మీద ఇల్లు కట్టుకున్నవారి పరిస్థితి కొంత మారే దారిలో ఉన్నది. 2017లో ఒడిశా ప్రభుత్వం మురికివాడల నివాసులకు భూమి హక్కు ఇచ్చే చట్టం చేసి, 2018లో జాగా మిషన్ ప్రారంభించింది. ఆ హక్కు భార్యాభర్తలిద్దరి పేరా ఉంటుంది, వారసులకు సంక్రమిస్తుంది, ఇంటి అప్పుకు తాకట్టు పెట్టుకోవచ్చు, అమ్మడానికి మాత్రం వీలులేదు. మొదట మునిసిపాలిటీలకు, చిన్న పట్టణాల నోటిఫైడ్ ఏరియా కౌన్సిళ్లకు పరిమితమైన ఈ ఏర్పాటును 2023 సవరణ కార్పొరేషన్లకు విస్తరించింది, అందువల్ల 2008 నుంచి కార్పొరేషనుగా ఉన్న బరంపురానికీ అది వర్తిస్తుంది. కాగితం ఆశ కనిపించిన ఇంటివారు రేకు తీసి శ్లాబు వేసుకోవాలని ఆలోచిస్తున్నారు. ఖాళీ చేయిస్తారన్న భయం ఉన్నంతకాలం ఎవరూ గోడ మీద రూపాయి పెట్టరు.

రాయగడ, కొరాపుట్ వైపు నుంచి వచ్చిన లేఖలలో కంపెనీ క్వార్టర్ల సంగతి ప్రధానంగా ఉన్నది. జేకేపూర్, దామంజోడి, సునాబెడ వంటి చోట్ల ఉద్యోగం ఉన్నంతకాలం మంచి ఇల్లు, నీరు, కరెంటు ఉంటాయి, పదవీ విరమణతో అవన్నీ ఒకేసారి పోతాయి. ఇల్లు కట్టుకోని కుటుంబం అరవై ఏళ్ల వయసులో, రాబడి తగ్గిన ఏడాదే, మొదటిసారి అద్దెకు దిగుతుంది.

గంజాం పల్లెలలో దీనికి ఎదురుగా కనిపించేది సూరత్ మరమగ్గాల పనికి వలస వెళ్లినవారి సొమ్ముతో లేచిన పక్కా ఇల్లు. బయటినుంచి చూస్తే శ్లాబు, గ్రిల్లు, రంగు. లోపల ముసలి తల్లిదండ్రులు, కట్టవలసిన అప్పు. 2020లో పనులు ఆగి అందరూ తిరిగి వచ్చినప్పుడు అటువంటి ఇళ్లలోనే పూట గడవని రోజులు గడిచాయి. గోడలు గడిచిన కాలపు సంపాదనను చూపిస్తాయి గానీ ఈ నెల సంపాదనను చూపించలేవు. నీతి ఆయోగ్ లెక్క ప్రకారం ఒడిశాలో బహుముఖ పేదరికం (ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణాలను కలిపి కొలిచే పేదరికం) 2015–16లో 29.34 శాతం ఉండగా 2019–21 నాటికి 15.68 శాతానికి దిగింది. ఇది సంతోషించవలసిన మార్పే. ఆ లెక్కలోని పన్నెండు సూచికలలో ఇల్లు ఒకటి. అయితే అది నేల, గోడ, కప్పు దేనితో చేసినవని మాత్రమే అడుగుతుంది, ఇల్లు ఎవరిదని అడగదు.

తుపాను వచ్చినప్పుడు ఈ తేడాలన్నీ ఒక్క రాత్రిలో బయటపడతాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచెత్తింది. 2022–26 కాలానికి ప్రకటించిన విపత్తు సాయం నియమాల ప్రకారం పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతంలో 1,30,000 రూపాయలు వస్తాయి. అదే గుడిసెగా నమోదైతే 8,000 మాత్రమే. నష్టం రాసుకునేవారు ఆ ఇంటిని కచ్చా ఇల్లని రాస్తారా, గుడిసె అని రాస్తారా అన్న దాని మీద ఒక కుటుంబపు రాబోయే పదేళ్లు ఆధారపడి ఉంటాయి. ఇంటి సాయం యజమానికి చేరుతుంది గనుక అద్దెకున్నవారు మరో గది వెతుక్కుంటూ ఊరంతా తిరగవలసిందే.

పై విషయాలన్నీ పరిశీలించి కార్యవర్గం దరఖాస్తును మార్చింది. సొంతమా, అద్దెనా అన్న గడి ఉన్నది గానీ దాని ఆధారంగా ఎవరినీ ముందుకు, వెనక్కు జరపడం లేదు. అద్దె, కరెంటు తీసివేయగా తలకు మిగిలే సొమ్ము, కాగితం ఎవరి పేరన ఉన్నది, గదికి ఎంతమంది, ఇంట్లో చేసుకునే పనికి జాగా ఉన్నదా అన్న నాలుగు విషయాలను సాయం ఉపసంఘం కలిపి చూస్తుంది. రెండేళ్లు వెనక్కు పోయిన ఆ పెద్దావిడ దరఖాస్తు ఈ పద్ధతిలో మొదటగా మంజూరైంది. ఒకరిద్దరు సభ్యులు ఇన్ని ప్రశ్నలు అడగడం కుటుంబాల మర్యాదకు భంగమని అభ్యంతరం తెలిపారు. ఆ మాటలో న్యాయం ఉన్నందున, జవాబులను ఉపసంఘంలోని ముగ్గురు తప్ప మరెవరూ చూడకూడదని, సాయం తీర్మానం అయ్యాక ఆ పుటను దరఖాస్తుదారుకే తిరిగి ఇవ్వాలని నిర్ణయించాము.

వచ్చే ఏడాదికి పేరు మార్పు పనిని చేపట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది. తెలుగు దస్తావేజులను చదివి ఒడియాలో సారాంశం రాయగల పెద్దలు మన సభ్యులలో ఇంకా కొందరు ఉన్నారు, ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఖాతా వెతకగల యువకులూ ఉన్నారు. ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం వారిరువురూ సంఘం గదిలో కూర్చుంటారు. తాతల నాటి కాగితాలు ఉన్నవారు అసలు పత్రాలతోపాటు ఒక నకలు తీయించుకుని, వారసులందరి పేర్లు రాసుకుని రావలసిందిగా కోరుతున్నాము.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి